శరణమ్మకు మొదటి ఎడ

ఆ పెద్దల అమావాస్య నాడు ఇంట్లో ఉన్నది ఐదుగురు. తెల్లారకముందే తలకు పోసుకుని, తడి జుట్టుకు గుడ్డ చుట్టుకుని పెత్తనం చేస్తున్న అవ్వ దురుగమ్మ. ముందురోజు కప్పగల్లు నుంచి బస్సులో దిగిన మేనత్త పాపి. వాకిట్లో అరిటాకులు కడుగుతూ ఎవరి మొహమూ చూడని తండ్రి ఈరేశ్. ఆరు నెలల కిందట ఈరేశ్‌కు రెండో భార్యగా వచ్చి, ఇప్పుడు నాలుగో నెల కడుపుతో ఉన్న చంద్రిక. వంటింట్లో పొయ్యి ముందు పదహారేళ్ళ నయన. ఇంకొకామె కూడా ఉందని అందరికీ అనుమానమే. కానీ ఆమెను ఉన్నవాళ్ళలో చేర్చాలో పోయినవాళ్ళలో చేర్చాలో తేలక, ఆ రోజు ఇంత వంట జరుగుతోంది.

ఆమె శరణమ్మ, నయనను కన్న తల్లి. ముందటేడు కార్తీకంలో జ్వరం తగిలి, బళ్ళారి ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉండి పోయింది. ఏడాది నిండనివాళ్ళు పెద్దల్లో కలవరని నిరుడు ఆమెకు ఎడ పెట్టలేదు. ఎడ పెట్టడమంటే, పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి, ఆకులో వడ్డించి, గది తలుపు మూసి బయటికి వచ్చేయడం. తలుపు మూసి ఉన్నంతసేపట్లో వాళ్ళు వచ్చి తిని పోతారు. శరణమ్మకు ఇదే మొదటి ఎడ.

శివరాత్రి దాటాక ఈరేశ్ చంద్రికను చేసుకున్నాడు. తాళి పక్కనే శరణమ్మ పేరు మీద కందిగింజంత బంగారు బిళ్ళ గుచ్చి, "ఇది నీ అక్క అనుకో. నువ్వుండే దాకా నీ మెడలోనే ఉంటాది" అని అవ్వ కట్టింది. కడుపు నిలిచినప్పటి నుంచి చంద్రికకు కల మొదలైంది. రోజూ ఒకటే కల. ఒక ఆడమనిషి వంటింట్లోకి వచ్చి గిన్నెల మీది మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తుంది, మళ్ళీ మూసి పెడుతుంది. ఏమీ అనదు. పొద్దున లేచి చూస్తే కొన్నాళ్ళు నిజంగానే మూతలు పక్కన బోర్లా పడి ఉండేవి. పిల్లి పని అన్నాడు ఈరేశ్. పాలగిన్నెను మాత్రం ఏ పిల్లీ ముట్టలేదు. చంద్రికకు తిండి తగ్గింది, నిద్ర పోయింది, కళ్ళ కింద మసి పూసినట్టు నల్లబడింది.

చివరికి అవ్వ ఆమెను కురుగోడులో మాట చెప్పే బసవమ్మ దగ్గరికి తీసుకుపోయింది. బసవమ్మ బియ్యం చల్లి, చాలాసేపు కళ్ళు మూసుకుని చెప్పింది. "ఆయమ్మ ఆకలితో ఉండాది. ఏదో ఒకటి ఆశగా తినేది. ఆమె పోయినంక మీ ఇంట్లో అది మళ్ళా ఉడకలా. అది వండి ఎడ పెట్టండి. తిని పోతాది. మళ్ళా ఈ గడప తొక్కదు."

అదేమిటో ఎవరూ తల బద్దలు కొట్టుకోవలసిన పని లేకపోయింది.

"సర్దార్ గింజలు," అంది అవ్వ.

వరి కోతల్లో పంజాబు నుంచి కోత మిషన్లు వస్తాయి. నాలుగేళ్ళ కిందట ఒక మిషను వాళ్ళు కాలువ పక్కన, శరణమ్మ వాళ్ళ కళ్ళంలోనే పదిహేను రోజులు దిగారు. వాళ్ళలో వంట చేసే ముసలి సర్దార్ ఒకడుండేవాడు. శరణమ్మ రోజూ చెంబెడు మజ్జిగ పంపేది. ఆయన గిన్నెడు కూర పంపేవాడు. ఎర్రగా, నున్నగా, మూత్రపిండం ఆకారంలో ఉన్న గింజలు. శరణమ్మ ఒక్క ముద్ద తిని, కొంగు దోపుకుని నేరుగా కళ్ళానికి పోయింది. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు హిందీ అంతంత మాత్రం. చేతులతో అడిగి, చేతులతో చెప్పించుకుని నేర్చుకుంది. పక్కన కూర్చుని తెల్లగడ్డలు వలిచింది నయన. ఆ తరువాత బళ్ళారి పోయినప్పుడల్లా కిలో రాజ్మా తెచ్చుకునేది. మా వదినె పసుపు కుంకుమలు మరిచినా ఆ గింజలు మరవదు అని పాపత్త నవ్వేది. సర్దార్ కూరలో లేనిది ఒకటి మాత్రం శరణమ్మ కలిపింది. దించే ముందు చారెడు గురెళ్ళ పొడి, అంటే వెర్రినువ్వుల పొడి. ఆ నల్లటి నూనె వాసన పడితేనే అది మన కూర అనేది.

అందుకని వంట నయన మీద పడింది. ఇంట్లో దాని లెక్క తెలిసింది ఆమెకే.

కానీ నయనకు ఆ కూర సరిగ్గా వండాలని లేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మామూలుగానే నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే పిల్ల, ఇది ఎలా చెబుతుంది? అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఈ రెండేళ్ళలో అమ్మ ఒక్క రోజు, ఒక్క క్షణం కూడా ఆమె కలలోకి రాలేదు. అమ్మ రైక దిండు కింద పెట్టుకుని పడుకున్నా రాలేదు. ముక్కూ మొహం ఎరగని చంద్రిక కలలోకి మాత్రం రోజూ వస్తోంది. పోనీ, ఈ ఇంట్లో తిరుగుతోంది కదా, ఎప్పుడో ఒకనాడు మనవైపూ తిరుగుతుందని నయన ఎదురు చూస్తోంది. ఇంతలో కడుపు నిండా పెట్టి పంపేయమంటున్నారు. తన చేతులతోనే వండమంటున్నారు.

కూర చెడితే అమ్మ తినదు. తినకపోతే పోదు. నయన లెక్క అంతే.

కూర చెడగొట్టడం ఎలాగో కూడా అమ్మ నేర్పిందే. ఏ గింజకైనా ఉడకముందే పులుసు తగిలితే అది రాయి అవుతుంది, ఎన్ని కట్టెలు తగలేసినా మెత్తబడదు అని ఎన్నిసార్లు చెప్పిందో. ముందు సాయంత్రం నానబోసిన రాజ్మాను నయన కడిగి కుక్కర్లో పోసింది. మేకు మీది సంచిలోంచి నిమ్మకాయంత చింతపండు తీసి, చిక్కగా పిసికి, ఆ పులుసంతా గింజల్లో పోసి మూత బిగించింది.

"రుచి చూసేవు, జోపానం," అని గుమ్మంలోంచి అవ్వ అరిచింది. "ఉప్పు చాలిందా కారం చాలిందా అని నాలిక మీద పెట్టినావంటే ఎంగిలి అయితాది. ఎంగిలి ఆయమ్మ ముట్టదు."

నయన తల ఊపింది. అదీ ఆమెకు కలిసొచ్చింది. ఎడ తీసేదాకా ఎవరూ నోట్లో పెట్టరు. అప్పటికి కావలసింది అయిపోతుంది.

ఆరు విజిళ్ళు వచ్చాయి. పాపత్త జొన్నరొట్టెలు తడుతూ మధ్యలో తల తిప్పింది.

"ఏమ్మే, ఇంకా ఎన్ని కూతలు? బళ్ళారి ప్యాసింజరు గూడా ఇన్ని కూతలు కూయదు కదే."

"ఇంకా... ఉడకల్ల అత్తా."

"మీ యమ్మ గూడా ఇంతే. కూర కాలేదా వదినె అంటే, కూర్చో పాపీ, కూర నిన్ను యాడికీ పోనీదులే అనేది. మొగునితో కొట్లాడినా అన్నం మీద అలిగే మనిషి కాదు తల్లీ ఆమె. అట్లాంటి మనిషిని ఆకలి మీద పంపితిమి." పాపత్త ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. మొహం నిండా పిండి అంటుకుంది. "ఈ పొగ ఒకటి," అని లేచి రొట్టెల గంప తీసుకుని నడుమింట్లోకి పోయింది.

ఆ పొయ్యి గ్యాసుది. పొగ ఎక్కడా లేదు.

నయన కుక్కరు దించి మూత తీసింది. ఒక గింజను వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. పైతోలు ముడతలు పడింది కానీ లోపల గట్టిగా, గులకరాయిలా ఉంది. అనుకున్నదే అయింది. సంతోషం కలగాలి. కలగలేదు. వీపు మీద ఎవరో కళ్ళు పెట్టి చూస్తున్నట్టు అనిపించి గిరుక్కున తిరిగింది.

గుమ్మంలో చంద్రిక నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు. ఈ మధ్య ఒంటరిగా వంటింట్లోకి రావడం మానేసింది.

"నయనా, ఒక మాట అడగనా? మీ యమ్మకు కోపం జాస్తినా?"

నయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అదే నేనూ అనుకుంటి. కోపంగా చూడదు. అసలు నన్ను చూడనే చూడదు ఆయమ్మ. మూతలు ఎత్తేది, పెట్టేది. పచ్చ చీర కొంగు నడుముకు చెక్కుకునింటాది. నేను ఈడే ఉండానక్కా అని అరుస్తా. ఇనపడదు."

నయన చేతిలోని గరిటె గిన్నె అంచుకు తగిలి చప్పుడైంది. గోడ మీది ఫోటోలో అమ్మది ఎర్ర చీర. పచ్చ చీర బళ్ళారి నుంచి అమ్మను తెచ్చిన రోజు ఒంటి మీద ఉన్నది. అమ్మతోనే మట్టిలోకి పోయింది. చంద్రికకు దాని సంగతి తెలిసే దారి లేదు.

"అంచు ఏం రంగు?" అని అడిగింది. ఆరు నెలల్లో నయన తనంతట తాను ఆమెను అడిగిన మొదటి మాట అది.

"పసుపు. సన్నంది." చంద్రిక మెడలోని బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ జరిపింది. "ఎడ తీసినంక ఆ కూర గిన్నెడూ నేనే ముందు తినల్లంట. మిగిలించకూడదంట. బసవమ్మ చెప్పింది. ఆయమ్మ తిన్నది నేను తింటే మా ఇద్దరికీ రాజీ అయినట్లంట." నవ్వబోయింది కానీ పెదవులు మాట వినలేదు. "నేనెప్పుడూ తిన్లేదు ఆ గింజలు. రెండు ముద్దలు తింటే వాంతి అయితాండాది నాకు. అయినా తింటాలే. రాయి వండిపెట్టినా తింటా. ఒక్క దినమన్నా నిద్ర పోవల్ల నయనా, నేను."

అవ్వ పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. నయన కుక్కరు వైపు చూసింది. ఎర్రటి పులుసులో గింజలన్నీ ఆమె వైపే చూస్తున్నట్టున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ముసలి సర్దార్ చేతులు. కూర నేర్పిన రోజు ఆయన అన్నిటికంటే ముందు చెప్పింది ఒకటే. ఒక గింజ చూపించి, పళ్ళ మధ్య పెట్టి కటుక్కుమనిపించి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని కిందికి వంగి, సెలైన్ బాటిల్ వేలాడుతున్నట్టు చెయ్యి పైకెత్తి చూపించాడు. వాళ్ళ మనిషి ఒకడు సగం ఉడికిన రాజ్మా తిని సిరుగుప్పలో రెండు రోజులు ఆస్పత్రి పాలయ్యాడట. నానిన నీళ్ళు పారబోయాలి, మెత్తగా అయ్యేదాకా తెర్లించాలి, సగం ఉడికింది విషం. ఆ మాట అమ్మ మరవలేదు. ఒకసారి గ్యాసు అయిపోయి గింజలు నడుమ ఆగిపోతే, కుండెడు కూర కాలువ గట్టు మీద గుంట తీసి పూడ్చింది. కుక్కకు వేద్దామంటే ఒప్పుకోలేదు. అదేం పాపం చేసింది, అంది.

అమ్మ మూత ఎత్తి ఈ గిన్నెను చూస్తే? చూసి, ఇది ఎవరు తినబోతున్నారో తెలుసుకుంటే? ఈ ఇంట్లో ఉండిపోవడం కాదు. నయన మొహం ఇంకెప్పుడూ చూడదు.

కిటికీలోంచి చూస్తే ఎండ పశువుల గాటిపాడు దాకా వచ్చింది. పొద్దు నడినెత్తికి రాకముందే ఎడ పడాలి. గింజలు పారబోసి కొత్తవి నానబెట్టే సమయం లేదు, ఇంట్లో ఇంకో గుప్పెడు కూడా లేవు. ఆమె కుక్కరెడూ జల్లెడలో వంచింది. పులుసు వాసన పోయేదాకా నాలుగు నీళ్ళు మార్చి కడిగింది. మళ్ళీ మంచినీళ్ళు పోసి, తినే సోడా రెండు చిటికెలు వేసి, మూత బిగించి మంట పెంచింది.

"ఏం చేస్తాండావే నువ్వు?" అవ్వ గుమ్మంలోకి వచ్చింది. "ఇంకా గింజే కాలేదా? రొట్టెలాయె, పాయసమాయె, చిత్రాన్నమాయె. మీ యమ్మ వచ్చి గుమ్మంలో నిలబడాల్నా?"

"కానీ అవ్వా. అయితాది."

"అయితాది అయితాది అంటాండావు, పొద్దు ఆగుతాదా?"

"సగం ఉడికితే విషం అవ్వా." గొంతు తనదేనా అనిపించేంత గట్టిగా వచ్చింది. "ఎంత లేటైనా ఉడకల్ల."

అవ్వ గుమ్మంలోంచి వెనక్కి తగ్గింది. ఈ పిల్ల ఎదురు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు.

విజిళ్ళు లెక్కపెడుతూనే నయన బాణలి పెట్టింది. నూనె కాగాక జీలకర్ర, ఆపైన సన్నగా తరిగిన ఎర్రగడ్డలు. తేనె రంగు చాలదు, ఇంకా, ఇంకా, ఇటుక రంగు తేలేదాకా. అల్లం తెల్లగడ్డ రోట్లో దంచింది వేసింది. పచ్చి వాసన పోయాక టమాటలు, పసుపు, కారం, ధనియాల పొడి. నూనె పక్కలకు తేలేదాకా తిప్పుతూనే ఉంది. చేతికి తొందర లేదు, ఆశ్చర్యంగా. ఎప్పుడు ఏది వెయ్యాలో ఆలోచించకముందే చెయ్యి ఆ డబ్బా మీద ఉంటోంది. కారం కాస్త ఎక్కువ వెయ్యబోతే మణికట్టు తనంతట తాను వెనక్కి తిరిగింది. ఉప్పు అరచేతిలో పోసుకుని, అమ్మలా బొటనవేలితో కొంచెం పక్కకు నెట్టి, మిగిలింది వేసింది.

పద్నాలుగో విజిలుకు కుక్కరు దించింది. గింజను వేళ్ళతో తాకిందో లేదో వెన్నలా చితికింది. ఇంకొకటి. ఇంకొకటి. పది గింజలు, అడుగువి, పైవి, చితికి చూసింది. వేలి కొసలు కాలి ఎర్రబడ్డాయి. నోట్లో పెట్టుకుని ఊదుకోవడానికి కూడా లేదు, ఎంగిలి అవుతుంది.

గింజలు బాణలిలో పడ్డాయి. గరిటె వీపుతో కొన్ని మెదిపి, నీళ్ళు పోసి, సన్నని సెగన పెట్టింది. కూర గుసగుసలాడుతూ చిక్కబడింది.

వాసన లేచింది. గురెళ్ళ వాసన. నల్లగా, నూనెగా, గొంతు దాకా దిగే వాసన.

ఈరేశ్ వాకిట్లోంచి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చేతిలో అరిటాకుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడి, వెనక్కి పోయాడు. నడుమింట్లో పాపత్త, "వదినె వాసనే, అచ్చం వదినె వాసనే" అంటోంది.

నయన కదలలేదు. గురెళ్ళ పొడి డబ్బా అలమారు పై అరలో ఉంది. ఆమె ఇంకా దాన్ని దించలేదు.

పక్కకు తిరగకుండా, కళ్ళు కూర మీదే పెట్టి, "అమ్మా," అంది పెదవుల్లోనే. బుడగలు పగులుతున్న చప్పుడు. ఎంతోసేపటికి ఆమె డబ్బా దించి, చారెడు పొడి చల్లి, కొత్తిమీర వేసి, మూత పెట్టింది.

నడుమింటి పక్క చిన్న గదిలో శరణమ్మ ట్రంకు పెట్టె ముందు ఆకు వేశారు. కొత్త చీర మడత, దీపం, సాంబ్రాణి. రొట్టెలు, చిత్రాన్నం, పాయసం, అన్నం, అన్నీ పడ్డాయి. చివరిది కూర గిన్నె.

"వండిన చెయ్యే పెట్టల్ల," అంది అవ్వ. "పెట్టి బయటికి రా. చంద్రీ, ఈ ఇంటి కోడలివి, తలుపు నువ్వు మూయల్ల. మిగిలినోళ్ళు వాకిట్లోకి పాండి. మొగాలు వీధి తట్టు. నేను చెప్పేదాకా ఎవరూ వెనక్కి తిరిగొద్దు. తిరిగితే ఆయమ్మకు సిగ్గు, ముద్ద దిగదు."

ఈరేశ్, పాపత్త, అవ్వ వాకిట్లోకి నడిచారు. వీపులు ఇంటి వైపు పెట్టి వరసగా నిలబడ్డారు.

నయన గదిలోకి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. గరిటెతో కూర తీసి రొట్టె పక్కన వడ్డించింది. సాంబ్రాణి పొగలో ఆకు అవతలి వైపు సరిగ్గా కనబడడం లేదు. ఇక లేవాలి. లేచి, నాలుగడుగులు వేసి గడప దాటాలి. అంతే, అయిపోతుంది. అమ్మ తింటుంది. తిని పోతుంది.

ఆమె లేవలేదు.

"నయనా," అని గడప దగ్గర నుంచి చంద్రిక మెల్లగా పిలిచింది. ఆమె తలుపు రెక్క పట్టుకుని ఉంది. కళ్ళు ఆకు వైపు పోకుండా నయన మీదే నిలుపుకుంది. "రా. పొద్దు మీరుతాండాది."

"నాకు ఒక్కసారి గూడా కనపడలా," అంది నయన. ఏడుపు రాలేదు. ఊరికే చెప్పింది. "నీకు దినామూ కనపడ్తాది. నాకు ఒక్కసారి గూడా కనపడలా. ఇప్పుడు తిని పోతాది."

మొదటిసారి చంద్రిక చూపు నయన మీంచి జారి, ఆకు మీదుగా, పొగ అవతలికి పోయింది. అక్కడే చాలాసేపు ఆగింది. ఆమె చెయ్యి మెడలోని బిళ్ళ మీదికి పోయింది.

వాకిట్లోంచి అవ్వ గొంతు వచ్చింది. "ఏం చంద్రీ, ఆ పిల్ల బయటికొచ్చిందా?"

"వచ్చింది అత్తా," అంది చంద్రిక.

అని, నయన వైపు చూస్తూనే, తలుపు మూసింది.